లిఫ్టు గైడ్ షూ: పేటెంట్ అర్హత

లిఫ్టు క్యాబిన్ దారి తప్పకుండా పట్టాల వెంట జారేలా చేసే భాగం గైడ్ షూ. షాఫ్టులో రెండు వైపులా నిలువుగా బిగించిన ఉక్కు పట్టాలను గైడ్ రైళ్ళంటారు. క్యాబిన్‌ను మోసే ఫ్రేముకు పైన రెండు, కింద రెండు షూలు ఉంటాయి. అవతల దిగే ఎదురు బరువుకు, అంటే కౌంటర్ వెయిట్‌కు, మరో నాలుగు. బరువు మోయడం తాళ్ళ పని. జనం ఒక మూలకే నిలబడినా, సామాను ఒక పక్కకే పేర్చినా క్యాబిన్ ఒరగకుండా పట్టి ఉంచడం షూల పని. ఇంత చిన్న భాగానికి పేటెంట్ వస్తుందా అంటే, వస్తుంది. అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణలో క్యాబిన్‌కూ పట్టాకూ మధ్య పనిచేసే షూలకూ రోలర్లకూ బీ66బీ 7/04 అని ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. ఆ విభాగం ఇప్పటికే కిక్కిరిసి ఉండటమే అసలు చిక్కు. కొత్తగా వచ్చే షూకూ, పాతవాటికీ మధ్య మిగిలే తేడా చాలా సన్నగా ఉంటుంది. ఆ తేడాతో ఏం ఒరుగుతుందో దరఖాస్తు కాగితాల్లో ఎంత గట్టిగా చూపించారన్న దాని మీదే పేటెంట్ నిలబడటమో, పడిపోవడమో జరుగుతుంది.

షూను విప్పితే ముఖ్యంగా రెండు ముక్కలు. బయట పోత ఇనుముతోనో, వంచిన ఉక్కు రేకుతోనో చేసిన గూడు. లోపల యూ ఆకారంలో లైనర్. గైడ్ రైలును అడ్డంగా కోసి చూస్తే టీ అక్షరంలా ఉంటుంది. ఆ టీ కాడను లైనర్ మూడు వైపుల నుంచి పట్టుకుని జారుతుంది. విరివిగా వాడే టీ89 రైలు కాడ మందం దాదాపు 16 మిల్లీమీటర్లు, సన్నరకం రైళ్ళలో ఇంకా తక్కువ. లైనర్లను ఈ మందం లెక్కనే అమ్ముతారు. ఒకప్పుడు లైనర్లు లోహంతో చేసేవారు. ఇప్పుడు నైలాన్, పాలీయురెథేన్, అత్యధిక అణుభారం గల పాలిథీన్ వాటి చోటు తీసుకున్నాయి. అరగాల్సింది రైలు కాదు, లైనర్. అరిగిపోయాక దాన్ని పీకి కొత్తది తొడుగుతారు. చాలా లిఫ్టుల్లో పై షూల నెత్తిన చిన్న నూనె డబ్బా ఉంటుంది. దానిలోంచి వచ్చే ఫెల్ట్ వత్తి రైలును తడుపుతూ పోతుంది.

ఇంత సరళమైన అమరికలోనూ తీరని తలనొప్పులు చాలా ఉన్నాయి. రైళ్ళు మామూలుగా 5 మీటర్ల ముక్కలుగా వస్తాయి. రెండు ముక్కలు కలిసే అతుకులో వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా, షూ దాని మీదుగా వెళ్ళిన ప్రతిసారీ క్యాబిన్‌లో చిన్న కుదుపు తెలుస్తుంది. కదలిక మొదలయ్యే క్షణంలో రాపిడి ఎక్కువగా ఉండి, జారడం మొదలయ్యాక తగ్గుతుంది. అందుకే నెమ్మదిగా ఆగే లిఫ్టులో షూ పట్టుకుంటూ, వదులుతూ కీచుమంటుంది. నైలాన్ తేమను పీల్చి ఉబ్బుతుంది కాబట్టి సముద్రతీర నగరాల్లో లైనర్‌కూ రైలుకూ మధ్య వదిలిన సందు తగ్గిపోవచ్చు. సందు ఎక్కువ వదిలితే క్యాబిన్ ఊగుతుంది, తక్కువైతే పట్టేస్తుంది. నూనె పోస్తే దుమ్ము అంటుకుని జిడ్డు మడ్డిగా మారి షాఫ్టు అడుక్కి కారుతుంది. పోయకపోతే అరుగుదల, చప్పుడు. వేగం బాగా పెరిగితే జారుడు షూల వల్ల కాక రోలర్లు వాడాలి. సెకనుకు 20.5 మీటర్ల వేగంతో నడిచే షాంఘై టవర్ లిఫ్టులు ఆ కోవలోవి. మన అపార్టుమెంట్లలో, ఆస్పత్రుల్లో నడిచే మామూలు వేగాల లిఫ్టులకు మాత్రం జారుడు షూ చవక, చాలు కూడా. ఈ రంగంలో వచ్చే పేటెంట్ దరఖాస్తులన్నీ ఇంచుమించు పై సమస్యల్లో ఏదో ఒకదానికి జవాబులే.

లిఫ్టు చరిత్రలో పట్టాల చుట్టూ పేటెంట్ మొదటినుంచీ ఉంది. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ ఎత్తైన వేదిక మీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడును జనం కళ్ళెదుటే కోయించాడు. వేదిక పడలేదు. తాడు బిగువు పోగానే నెత్తిన ఉన్న స్ప్రింగు విచ్చుకుని, రెండు పక్కల నిలువు కంబీలకున్న రంపపు పళ్ళలోకి కొక్కేల్ని నెట్టింది. దిశ చూపే కంబీనే ఆపే కంబీగానూ వాడుకోవడం ఆ అమరికలోని తెలివి. దీని మెరుగైన రూపానికి ఆయన అమెరికా పేటెంట్ 31,128 పొందింది 1861 జనవరి 15న. మూడు నెలలు తిరగకుండానే, ఆ ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ముందు పదిమందికీ చూపించి ఏళ్ళ తర్వాత దరఖాస్తు పెట్టడం ఇవాళ చాలా దేశాల్లో కుదరదు.

భారత పేటెంట్ చట్టం, 1970 అడిగేవి మూడు. వస్తువు కొత్తదై ఉండాలి, ఇన్వెంటివ్ స్టెప్ ఉండాలి, పరిశ్రమలో పనికిరావాలి. మూడోది గైడ్ షూకు సమస్యే కాదు. మొదటిది ఒక మోస్తరు కష్టమే. పాత పత్రాల్లో దేనిలోనూ అన్ని లక్షణాలూ ఒక్కచోట లేకపోతే దాటేయొచ్చు. రెండోదాని దగ్గరే దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోతాయి. చట్టం ప్రకారం ఇన్వెంటివ్ స్టెప్ అంటే, ఉన్న పరిజ్ఞానం మీద సాంకేతికంగా ముందడుగో, ఆర్థిక ప్రాధాన్యమో, రెండూనో ఉండి, ఆ పని తెలిసిన మనిషికి ఇట్టే తట్టని లక్షణం. లిఫ్టు విషయంలో ఆ మనిషి షూలూ రైళ్ళూ రూపొందించే ఇంజనీరు. అతనికి కొత్త ఊహలు లేకపోవచ్చుగానీ తన రంగంలోని పుస్తకాలూ, పేటెంట్లూ, పక్క రంగాల్లోని జారుడు బేరింగులూ అన్నీ తెలుసని చట్టం అనుకుంటుంది.

కొత్తదనం విషయంలో లిఫ్టు భాగాలకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. షూ ఎంత అరుగుతుందో, ఎంత చప్పుడు చేస్తుందో నెలల తరబడి నిజమైన లిఫ్టులో తిప్పి చూస్తేగానీ తెలియదు. ఆ లిఫ్టు నివాస భవనంలోనో, ఆస్పత్రిలోనో ఉంటే, మెయింటెనెన్సుకు వచ్చే మెకానిక్కులందరూ షూను చూడగలరు. చూడగలిగితే అది బహిరంగమైనట్టే. ఇంగ్లండులో తేలిన విండ్‌సర్ఫింగ్ కేసు దీనికి గట్టి ఉదాహరణ. తెరచాప బిగించిన పలక మీద పేటెంటు రద్దయిందంటే, 1958లో 12 ఏళ్ళ కుర్రాడొకడు తన సరదా కోసం అలాంటిదే చేసుకుని సముద్రతీరంలో అందరి ఎదుటా నడపడం ఒక కారణం. అతను ఏ పత్రికలోనూ రాయలేదు, ఎవరికీ అమ్మలేదు. తీరంలో నడవడమే చాలింది. భారత చట్టంలోని 32వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది. దరఖాస్తుకు ముందు ఏడాది లోపు, సహేతుకమైన పరీక్ష కోసమే, తప్పనిసరై బహిరంగంగా వాడితే కొత్తదనం పోదు. యూరప్‌లో ఇలాంటి వెసులుబాటు లేదు. కాబట్టి ఇక్కడ ధైర్యంగా పరీక్షించి, తర్వాత యూరప్‌లో దరఖాస్తు పెట్టాలనుకునేవారు ఆ దారి తామే మూసుకున్నట్టవుతుంది. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే తాత్కాలిక దరఖాస్తు, పెట్టి, తర్వాత షాఫ్టులో బిగించడం మేలు. పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, దాఖలు చేయడానికి 12 నెలలు దొరుకుతాయి. మొదటి దఫా పరీక్షకు ఆ వ్యవధి సరిపోతుంది.

లైనర్‌ను లోహం నుంచి ప్లాస్టిక్‌కు, ఒక ప్లాస్టిక్ నుంచి మరో ప్లాస్టిక్‌కు మార్చడం ఆవిష్కరణేనా? ఈ ప్రశ్నకు మూలం 1851లో అమెరికా సుప్రీంకోర్టు తీర్చిన హాచ్‌కిస్ కేసులో ఉంది. అక్కడ తలుపు పిడిని లోహానికీ కర్రకూ బదులు మట్టితో, పింగాణీతో చేశారు. పిడి బిగించే పద్ధతి పాతదే. మట్టి పిడి చవకైనదే, మెరుగైనదే కావచ్చుగానీ, తగిన పదార్థాన్ని ఎంచుకోవడం మామూలు పనివాడి నేర్పు మాత్రమేనని కోర్టు అభిప్రాయపడింది. ఇన్వెంటివ్ స్టెప్ అన్న ఆలోచనకు ఆధునిక చట్టంలో పునాది ఈ తీర్పే. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాల్లోనూ ఇలాంటి ఉదాహరణే కనిపిస్తుంది. తేలికైన పదార్థంతో కట్టిన నిర్మాణం ముందే తెలిసి ఉంటే, ఆ పదార్థం అల్యూమినియం అని కొత్తగా చెప్పినంత మాత్రాన పేటెంట్ రాదు. తక్కువ రాపిడి ఉన్న ప్లాస్టిక్ లైనర్ అని పాత పత్రంలో ఉంటే, తక్కువ రాపిడికి అందరూ ఎరిగిన పాలిథీన్ రకాన్ని దానిలో పెట్టడం అదే కోవలోకి వస్తుంది.

భాగం చోటు మార్చడం గురించి అమెరికాలో 1966 నాటి గ్రాహం వర్సెస్ జాన్ డీర్ తీర్పు చెబుతుంది. అది కూడా యంత్రభాగం కేసే. రాళ్ళ నేలలో దున్నేటప్పుడు విరగకుండా వంగే నాగలి కొయ్యను బిగించే క్లాంపు అది. కొయ్యను కీలు పలకకు పై నుంచి కిందికి మార్చడమే అందులోని ముఖ్యమైన తేడా. ఆ మార్పు ఆ పని తెలిసినవారికి తట్టేదేనని సుప్రీంకోర్టు పేటెంటును కొట్టేసింది. గైడ్ షూలో స్ప్రింగు ముందు నుంచి వెనక్కి, బోల్టు పక్క నుంచి పైకి వెళ్ళినప్పుడల్లా దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ మనసులో మెదిలే ప్రశ్న ఇదే: ఈ మార్పువల్ల కొత్తగా జరిగే పని ఏమిటి?

భారతదేశంలో ఇప్పటికీ తరచూ ఉదహరించే తీర్పు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్. 1978 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చింది. లోహపు పాత్రల తయారీలో పాత్రను లేతు మీద పట్టి ఉంచే అమరికకు 1951లో దరఖాస్తు చేసి పొందిన పేటెంటు అది. అలహాబాద్ హైకోర్టు సింగిల్ జడ్జి రద్దు చేశారు, డివిజన్ బెంచి నిలబెట్టింది, సుప్రీంకోర్టు మళ్ళీ రద్దు చేసింది. వర్క్‌షాపులో పని చేసుకుంటూ పోతుంటే సహజంగా వచ్చే మెరుగుదల చాలదనీ, పాత భాగాల కలయిక నుంచి కొత్త ఫలితమో, మునుపటికన్నా మేలైన లేదా చవకైన వస్తువో రావాలనీ కోర్టు చెప్పింది. లిఫ్టు షెడ్డుల్లో పనిచేసేవాళ్ళు ఈ తీర్పును జాగ్రత్తగా చదవాలి. మెకానిక్కుల చేతుల్లో పుట్టే ఉపాయాలు చాలావరకు ఇలాంటి మెరుగుదలలే. ఆ మెరుగుదల హద్దు దాటిందని చూపించే బాధ్యత దరఖాస్తుదారుడిదే.

ఇదంతా ఒక ఉదాహరణ మీద పెట్టి చూస్తే తేటపడుతుంది. ఒక దరఖాస్తులోని క్లెయిము, అంటే దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం, ఇలా ఉందనుకుందాం: గైడ్ రైలు మీద జారే యూ ఆకారపు లైనర్; దాని జారుడు ముఖం మీద ఏటవాలు గాడులు; ఆ గాడులు అంచుల దాకా పోకుండా రెండు కొసలా మూసుకుని ఉంటాయి; లైనర్ వీపున రబ్బరు పొర. ఎగ్జామినర్ వెతికితే మూడు పత్రాలు దొరికాయి. మొదటిదానిలో నిలువు గాడులున్న లైనర్. రెండోది లేతు మంచం మీద జారే పలకకు నూనె నిలిపే ఏటవాలు గాడుల గురించి. మూడోదానిలో చప్పుడు తగ్గించడానికి వీపున రబ్బరు ఉన్న షూ. నాలుగు లక్షణాలూ ఒకే పత్రంలో లేవు కాబట్టి కొత్తదనం ఉంది. కానీ ఏటవాలు గాడులు నూనెను నిలపడమూ, రబ్బరు చప్పుడును మింగడమూ ముందే తెలిసిన పనులు. రెండూ దేని పని అది చేసుకుంటూ, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పక్కపక్కనే ఉన్నాయి.

ఇలాంటివాటికి భారత చట్టంలో 3వ సెక్షన్ ఎఫ్ క్లాజు నేరుగా అడ్డుపడుతుంది. తెలిసిన పరికరాలు, తెలిసిన తీరులోనే, దేనికదిగా పనిచేస్తుంటే, వాటిని ఒకచోట అమర్చడం ఆవిష్కరణే కాదంటుంది అది. 1890లో ఇంగ్లండులో తేలిన విలియమ్స్ వర్సెస్ నై కేసులో మాంసం తరిగే యంత్రాన్నీ, సాసేజి నింపే యంత్రాన్నీ కలిపి ఒకటిగా చేశారు. తరిగేది తరుగుతూనే ఉంది, నింపేది నింపుతూనే ఉంది. పేటెంట్ నిలవలేదు.

ఇప్పుడు అదే లైనర్‌లో ఒక సంగతి కలిపి చూద్దాం. వీపు రబ్బరు కేవలం చప్పుడు కోసం కాక, గాడి వెనక మాత్రమే మెత్తగా, మిగతా చోట గట్టిగా ఉందనుకుందాం. రైలు అతుకు మీదికి రాగానే ఒత్తిడి పెరిగి, గాడి అడుగు లోపలికి నలిగి, నిలిచి ఉన్న నూనె కొంచెం అప్పుడే బయటికి వస్తుంది. అతుకు దాటగానే గాడి మళ్ళీ తెరుచుకుంటుంది. ఇక్కడ గాడి పనిని రబ్బరు మార్చింది. నూనె అవసరమైన చోటే, అవసరమైన క్షణంలోనే అందుతోంది. పై మూడు పత్రాలను ఎంత కలిపి చదివినా ఈ పని వాటిలో లేదు. ఎగ్జామినర్‌తో వాదించడానికి దరఖాస్తుదారుడి చేతికి ఇప్పుడు ఒక ఆయుధం దొరికింది. ఇంతకుముందు అది లేదు.

యూరోపియన్ పేటెంట్ ఆఫీసు ఈ వాదాన్ని ఒక పద్ధతిలో నడుపుతుంది. ముందుగా దగ్గరి పాత పత్రాన్ని ఎంచుతారు. దానితో ఉన్న తేడా, ఆ తేడావల్ల కలిగిన ఫలితం తేల్చి, ఆ ఫలితం నుంచి పరిష్కరించాల్సిన సమస్యను నిర్ణయిస్తారు. చివరికి ఆ సమస్య ఎదురైన ఇంజనీరు ఈ పరిష్కారానికే వెళ్ళి ఉండేవాడా అని అడుగుతారు. వెళ్ళగలిగేవాడన్నది చాలదు, వెళ్ళి ఉండేవాడని పాత పత్రాల్లో ఆధారం ఉండాలని అప్పీలు బోర్డు టీ 2/83 నిర్ణయంలో చెప్పింది. అదే పద్ధతిలో మరో కఠినమైన మాట కూడా ఉంది. వేరే కారణంతో ఎలాగూ ఆ మార్పు చేసేవాడైతే, దానితోపాటు అనుకోకుండా వచ్చిన మేలు పేటెంటును కాపాడదు. అరుగుదల కోసం ఫలానా ప్లాస్టిక్‌ను ఎవరైనా ఎంచుకుంటారనుకుంటే, అది చప్పుడు కూడా తగ్గించిందని చెప్పి ప్రయోజనం లేదు. అమెరికాలో 2007 నాటి కేఎస్‌ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్ తీర్పు కూడా గ్యాస్ పెడల్ అనే యంత్రభాగం గురించే. తెలిసిన పెడల్‌కు తెలిసిన సెన్సరును స్థిరంగా ఉండే ఇరుసు దగ్గర పెట్టడం ఊహించగలిగే అడుగేనని తేల్చింది. భారతదేశంలో రోష్, సిప్లా మధ్య కేసులో ఢిల్లీ హైకోర్టు 2015లో ఇన్వెంటివ్ స్టెప్‌ను మెట్లుమెట్లుగా తేల్చే పరీక్షను వివరించింది. అది మందుల కేసే అయినా, యంత్రాలకూ అదే వర్తిస్తుంది.

అందుకే గైడ్ షూ దరఖాస్తులో బొమ్మల కన్నా కొలతలకు విలువ ఎక్కువ. గాడి ఉన్న లైనర్‌నూ, లేని లైనర్‌నూ అదే రైలు మీద, అదే బరువుతో తిప్పి, అరుగుదల ఎంతో, కంపనం ఎంతో పట్టికగా రాసి ఉంచితే ఆ ఫలితాన్ని ప్రశ్నించడం కష్టం. దరఖాస్తు తేదీకి స్పెసిఫికేషన్‌లో లేని కొత్త విషయాన్ని తర్వాత చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. మరో పొరపాటు, ఫలితాన్నే క్లెయిముగా రాయడం. చప్పుడు తగ్గించేలా అమర్చిన లైనర్ అని రాస్తే, ఏ నిర్మాణం వల్ల తగ్గుతోందో చెప్పలేదని ఎగ్జామినర్ స్పష్టత లేదంటాడు. గాడి కోణం, లోతు, రబ్బరు ఎక్కడెక్కడ ఎంత గట్టిగా ఉందో క్లెయిములో నిలవాలి. ఇరుకైన క్లెయిము అయినా నిలబడేది మేలు; పోటీదారు ఆ ఇరుకులోంచి తప్పుకోలేనంత చోట దాన్ని పెట్టడం ముఖ్యం.

ఏ ముక్కను క్లెయిము చేయాలన్నది కూడా డబ్బుతో ముడిపడిన ప్రశ్న. షూ గూడు చాలా ఏళ్ళు ఉంటుంది, మళ్ళీ మళ్ళీ కొనేది లైనర్‌నే. గూడూ లైనరూ కలిసిన మొత్తాన్ని మాత్రమే క్లెయిము చేస్తే, బయటివాళ్ళు లైనర్ తయారుచేసి అమ్మినప్పుడు అది మరమ్మతు అనే వాదం వస్తుంది. అమెరికాలో 1961 నాటి ఆరో కేసులో, మడతపెట్టే కారు కప్పు పేటెంటులో భాగమైన గుడ్డ చిరిగితే కొత్త గుడ్డ వేసుకోవడం న్యాయమైన మరమ్మతేనని సుప్రీంకోర్టు తేల్చింది. బ్రిటన్‌లో 2013లో షుట్జ్ వర్సెస్ వెరిట్ కేసులో, ఇనుప పంజరంలోని ప్లాస్టిక్ డబ్బాను మార్చడం కొత్తగా తయారుచేయడం కిందకు రాదని అక్కడి సుప్రీంకోర్టు అంది. అసలు ఆవిష్కరణ లైనర్‌లోనే ఉంటే, లైనర్‌కు విడిగా ఒక స్వతంత్ర క్లెయిము రాసుకోవాలి. స్పేర్ పార్టుల వ్యాపారం మీద హక్కు అప్పుడే దక్కుతుంది.

జర్మనీ, చైనా, జపాన్‌లలో ఇలాంటి చిన్న యంత్రభాగాలకు యుటిలిటీ మోడల్ అనే తేలికపాటి హక్కు కూడా ఉంది. లోతైన పరీక్ష లేకుండా త్వరగా దొరుకుతుంది, పదేళ్ళు ఉంటుంది. భారతదేశంలో అది లేదు. ఇక్కడి డిజైన్ రిజిస్ట్రేషన్ కంటికి నచ్చే రూపానికే. యంత్రపు పనితీరును డిజైన్ చట్టం తన పరిధి నుంచి తప్పించింది. రహస్యంగా ఉంచుకోవడం కూడా సగమే కుదురుతుంది. షూ ఆకారాన్ని ఏ మెకానిక్ అయినా విప్పి కొలుచుకోగలడు, ప్లాస్టిక్‌లో ఏమేం ఎంత పాళ్ళలో కలిపారన్నది మాత్రం దాచుకోవచ్చు. ఆకారానికి పేటెంటు, పాళ్ళకు గోప్యత అన్న విభజన చాలా తయారీదారులకు తగినది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్ళే దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో పెడితే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకు 4,000. మిగతావారికి 8,000, 20,000. దరఖాస్తు 18 నెలలకు బయటపడుతుంది. పరీక్ష కోరుతూ విన్నపం 31 నెలల్లోగా పెట్టాలి. 2024 మార్చి 15కు ముందు ఈ గడువు 48 నెలలు. మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. పోటీ కంపెనీ పాత ఇన్‌వాయిస్‌నూ, పాత డ్రాయింగునూ తెచ్చేది సాధారణంగా అప్పుడే. మంజూరైన పేటెంట్ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు ఉంటుంది, మూడో ఏడాది నుంచి రుసుములు కడుతూ ఉంటేనే. విదేశాల్లోనూ రక్షణ కావాలంటే మొదటి దరఖాస్తు నుంచి 12 నెలల్లోగా కదలాలి. భారతదేశంలో ఉంటున్న ఆవిష్కర్త అయితే, ముందు ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా విదేశీ దాఖలుకు పేటెంట్ ఆఫీసు కంట్రోలర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.